కన్సల్టింగ్ కేస్ ఇంటర్వ్యూకి నెల్లూరులో కూర్చుని ఎట్టా తయారవ్వాలి?

పెన్నాగట్టు
అందరికీ నమస్తే. నేను నెల్లూరు దగ్గర ఒక కాలేజీలో బీటెక్ ఈసీఈ చివరి సంవత్సరం చదువుతుండా. మా క్లాసులో దాదాపు అందరూ సాఫ్ట్‌వేర్ వైపు పోతుండారు. నాకు మాత్రం వ్యాపారం లెక్కలంటే ఇష్టం. మా నాన్నకి స్టోన్‌హౌస్‌పేటలో హోల్‌సేల్ పప్పుల కొట్టు ఉంది, చిన్నప్పటి నుంచి గల్లా పక్కన కూర్చునే హోంవర్కు చేసుకున్నా.

హైదరాబాదులో ఆఫీసున్న ఒక కన్సల్టింగ్ సంస్థలో అనలిస్టు పోస్టుకి అప్లై చేశా. ఆన్‌లైన్ పరీక్ష గట్టెక్కింది. వచ్చే నెల ఇంటర్వ్యూలు. అందులో 'కేస్' రౌండు ఉంటుందని మెయిల్లో రాశారు. మా కాలేజీ నుంచి ఈ లైనుకి పోయిన సీనియర్లు నాకు తెలిసి లేరు. యూట్యూబులో చూస్తే అన్నీ విమానాల కంపెనీలు, అమెరికా సూపర్ మార్కెట్లు. ఎదురుగా కూర్చున్న అబ్బాయి గడగడా ఇంగ్లీషులో చెప్పేస్తుంటాడు. అసలు ఆ గదిలో వాళ్ళు ఏం చూస్తారు? ఒక నెలలో ఏం చదవాలి? ఇంగ్లీషు నిదానంగా మాట్లాడితే తీసేస్తారా? ఎవరైనా ఈ దారిలో పోయినవాళ్ళుంటే చెప్పండి.

మినీబైపాస్
సిస్టర్, సింపుల్. లాభాల ఫ్రేమ్‌వర్కు, మార్కెట్ ఎంట్రీ ఫ్రేమ్‌వర్కు, ప్రైసింగ్, ఫోర్ పీస్, ఫైవ్ ఫోర్సెస్. కేసుని ఎట్టా విడగొట్టాలో చెప్పే ఇట్టాంటి రెడీమేడ్ చట్రాలు పది దాకా ఉంటాయి, అన్నీ బట్టీ కొట్టు. ప్రశ్న వినగానే ఏది సరిపోతుందో చూసి అది దించెయ్యి. మా కజిన్ అట్టాగే చేశాడు.

వేదాయపాళెం
మినీబైపాస్ తమ్ముడితో నేను ఒప్పుకోను, అందుకే పొడుగ్గా రాస్తుండా. నేను హైదరాబాదులో ఇదే పనిలో ఉండా. ఫ్రెషర్ల ఇంటర్వ్యూలప్పుడు అవతలి కుర్చీలో కూర్చుంటుంటా కూడా.

లోపల జరిగేది చెప్తా. ఒక్కో ఇంటర్వ్యూ చాలాచోట్ల 30 నుంచి 45 నిమిషాలు. మొదట నీ గురించి కాసేపు మాట్లాడతారు. తర్వాత రెండు మూడు వాక్యాల్లో ఒక కంపెనీ కష్టం చెప్తారు. 'ఒక సిమెంటు కంపెనీకి అమ్మకాలు పెరిగాయి, లాభం తగ్గింది, ఎందుకో కనుక్కో' అని అక్కడితో ఆపేసి నీ వైపు చూస్తారు. కావాలనే సగం సమాచారమే ఇస్తారు, మిగతాది నువ్వు అడిగి రాబట్టాలి.

అప్పుడు ఏం చెయ్యాలంటే, విన్నదాన్ని ముందు నీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పు. తప్పుగా విని ఉంటే అక్కడే సరిచేస్తారు. తర్వాత అడుగు: లాభం ఎంత తగ్గింది, ఎప్పటి నుంచి తగ్గింది, మిగతా సిమెంటు కంపెనీలకూ తగ్గిందా, వీళ్ళకేనా? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. అందరికీ తగ్గితే కారణం బయట ఉంది, వీళ్ళకే తగ్గితే లోపల ఉంది. ఆ ఒక్క ప్రశ్నతో సగం వెతుకులాట తప్పుతుంది. ఆ తర్వాత ఒక నిమిషం ఆలోచించుకుంటానని అడిగి కాగితం మీద విడగొట్టుకో. అట్టా అడిగితే ఎవరూ తప్పు పట్టరు. లాభం అంటే ఆదాయంలోంచి ఖర్చు తీసెయ్యడం. ఆదాయం అంటే ధర, ఎన్ని అమ్మామన్నది. ఖర్చులో సరుకుతో పాటు పెరిగేది ఒకటి, అమ్మినా అమ్మకపోయినా కట్టాల్సింది ఒకటి. ఇది ఫ్రేమ్‌వర్కు అని పేరు పెట్టనక్కర్లా, మీ నాన్న కొట్టులో రోజూ జరిగేదే.

విడగొట్టేటప్పుడు రెండు చూసుకో. ఒక ముక్క ఇంకో ముక్క మీద పడకూడదు, ఏ ముక్కా బయట మిగలకూడదు. ఈ రంగంలో దీన్ని 'మీసీ' (MECE) అంటారు. 1963లో మెకిన్సే అనే పెద్ద కన్సల్టింగ్ సంస్థలో చేరిన బార్బరా మింటో పేరుతో ఈ పద్ధతి బాగా వ్యాపించింది. ఆమె నేర్పిన ఇంకో సంగతి ముందు జవాబు, ఆ తర్వాత కారణాలు. మనకి బళ్ళో నేర్పింది దీనికి తలకిందులుగా ఉంటుంది. కారణాలన్నీ చెప్పుకుంటూ పోయి చివర్లో 'కావున' అంటాం. గదిలో అట్టా చేస్తే వినేవాళ్ళకి ఎటు పోతుండావో తెలీదు.

బట్టీ ఎందుకు పనికిరాదంటే, కేసు ప్రతిసారీ కొంచెం పక్కకి తిరుగుతుంది. 'ఇది ప్రభుత్వ ఆసుపత్రి, లాభం కోసం కాదు, కానీ క్యూ తగ్గాలి' అంటారు. అప్పుడు లాభాల ఫ్రేమ్‌వర్కు దించితే అక్కడే దొరికిపోతావు.

ఇంకోటి, మెకిన్సేలో ఇంటర్వ్యూ చేసేవాళ్ళే ఒక్కో ప్రశ్న వేస్తూ నడిపిస్తారు. అట్టాంటి సంస్థలే అయిన బీసీజీ, బెయిన్‌లలో ఎక్కువగా అభ్యర్థే నడపాలి. నువ్వు పోయే చోట ఏ పద్ధతో మెయిల్ పెట్టి అడుగు. అడిగినందుకు మార్కులు తగ్గవు.

కందుకూరు_కుర్రోడు
అన్నా, నేను బీకాం కంప్యూటర్స్ ఫైనలియర్. మాలాంటివాళ్ళకి అసలు పిలుపొస్తుందా? బీటెక్ అక్కకి వచ్చింది సరే.

ఒంగోలు_ఖాతాలు
నేను ఒంగోల్లో ఆడిట్ ప్రాక్టీసు చేస్తాను. పిల్లలకి ఆశ పెట్టే ముందు ఒక నిజం చెప్పాలి. పైన పేర్లు చెప్పిన మూడు సంస్థలూ ఫ్రెషర్లను ఎక్కువగా ఐఐటీలు, ఐఐఎంలు, అట్లాంటి కొద్ది క్యాంపస్‌ల నుంచే తీసుకుంటాయి. మన జిల్లా కాలేజీలకి వాళ్ళు రారు. వాటి కోసమే ఏడాదంతా పోగొట్టుకుంటే మిగతా తలుపులు మూసుకుపోతాయి. డెలాయిట్, పీడబ్ల్యూసీ, ఈవై, కేపీఎంజీ, ఈ నాలుగు పెద్ద ఆడిట్ సంస్థలకీ హైదరాబాదులో ఆఫీసులున్నాయి. బీకాం వాళ్ళని ఆడిట్ సపోర్టు, ట్యాక్స్, రిస్కు పనులకి తీసుకుంటారు. అక్కడ చేరి లోపల నుంచి కన్సల్టింగ్ వైపు మారిన పిల్లలు నా దగ్గర పనిచేసినవాళ్ళలోనే ఉన్నారు.

ఇంకో మాట. పోస్టు పేరులో 'కన్సల్టింగ్' ఉన్నంతమాత్రాన అందరూ కంపెనీ యజమానులకి సలహాలు చెప్పరు. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ అమర్చే పని కావచ్చు, డేటా సర్దే పని కావచ్చు. అవి చిన్నవని కాదు. కానీ ఏ టీమో, మొదటి ఏడాది రోజువారీ పని ఏమిటో ఇంటర్వ్యూ చివర్లో తప్పనిసరిగా అడగాలి.

కావలి_మేడమ్
ఖాతాలు గారూ, మీరు చెప్పింది సగం ఒప్పుకుంటాను. క్యాంపస్‌ల సంగతి నిజమే. కానీ 'మన జిల్లా' అనగానే పిల్లలే ముందు వెనక్కి తగ్గడం నేను డిగ్రీ క్లాసుల్లో ఏళ్ళ తరబడి చూస్తున్నాను. నేను ఎకనామిక్స్ చెప్తాను. మైక్రో పేపర్లో నూటికి ఎనభై తెచ్చుకున్న అమ్మాయి, వాళ్ళ ఇంట్లో రొయ్యల చెరువు ఎందుకు నష్టపోయిందో అడిగితే 'మా నాన్నకి తెలుసు మేడమ్' అంటుంది. ఆ అమ్మాయికి తెలుసు. చెప్పడం అలవాటు లేదు. కేస్ ఇంటర్వ్యూ అడిగేది సరిగ్గా ఆ అలవాటునే, తెలిసినదాన్ని పైకి, వరసగా, లెక్కతో చెప్పడం. దానికి ఐఐటీ గేటు అక్కర్లేదు, ఎదురుగా కూర్చుని వినే మనిషి కావాలి.

పిలుపు తెచ్చుకోవడం వేరే సమస్య, అక్కడ క్యాంపస్ లెక్కకొస్తుంది. పిలుపు వచ్చాక గదిలో జరిగేది ఇంకో సమస్య. రెంటినీ కలిపేసి పిల్లల్ని భయపెట్టొద్దని నా విన్నపం.

ఒంగోలు_ఖాతాలు
భయపెట్టడం నా ఉద్దేశం కాదు మేడమ్. ఒకే బుట్టలో పెట్టుకోవద్దంటున్నాను, అంతే. కందుకూరు బాబుకి: పెద్ద సంస్థల కెరీర్ పేజీల్లో క్యాంపస్‌తో పని లేకుండా తీసుకునే పోస్టులు కూడా ఉంటాయి. వాటికి రాయి. రెజ్యూమె ఒక్క పేజీ చాలు. 'బృందంలో పనిచేస్తాను, కష్టపడతాను' అని రాయకు. ఎక్సెల్‌లో చేసిన ఒక పని, దాని ఫలితం అంకెతో రాయి.

ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బులడిగేవాళ్ళ జోలికి మాత్రం పోవద్దు. ట్రెయినింగు ఫీజు, సెక్యూరిటీ డిపాజిట్టు, బ్యాక్‌డోర్, పేరు ఏదైనా అసలైన సంస్థ ఏదీ అభ్యర్థి దగ్గర రూపాయి తీసుకోదు.

పెన్నాగట్టు
అన్నయ్య, మేడమ్, సార్, అందరికీ థ్యాంక్స్. మేడమ్ చెప్పింది నాకు బాగా తగిలింది. పప్పుల్లో ఎప్పుడు స్టాకు పెట్టాలో, ఎప్పుడు వదిలించుకోవాలో నాకు తెలుసు, అది ఒక 'జవాబు' అని ఎప్పుడూ అనుకోలేదు. ఎవరైనా మన దగ్గరి కేసు ఒకటి ఇవ్వగలరా? విమానాల కంపెనీ వద్దు.

అల్లూరు_చెరువులు
చెల్లెమ్మా, నేనిస్తా. మాది అల్లూరు మండలం, వనామీ రకం రొయ్య వేస్తాం. లెక్క తేలిగ్గా ఉండాలని రౌండు అంకెలు పెడుతుండా, నా చెరువు లెక్కలు కావివి.

పదెకరాలు. పోయినేడు 30 టన్నులు పట్టుబడి, 50 కౌంటు, కేజీ 350 రూపాయలు. మేత కేజీ 90. కేజీ రొయ్యకి 1.3 కేజీల మేత పట్టింది. ఈ ఏడు 36 టన్నులు వచ్చింది, కానీ 80 కౌంటు, కేజీ 300. మేత 95 అయింది, కేజీ రొయ్యకి 1.6 పట్టింది. రైతు అంటున్నాడు, 'సరుకు ఎక్కువొచ్చింది, డబ్బూ ఎక్కువొచ్చింది, చేతిలో మాత్రం ఏమీ మిగల్లా'. ఎందుకు? కరెంటు, సీడు (రొయ్య పిల్ల), కూలీ, లీజు మారలేదనుకో.

తెలీనివాళ్ళకి: కౌంటు అంటే కేజీకి ఎన్ని రొయ్యలని. 80 కౌంటంటే చిన్న రొయ్య.

పెన్నాగట్టు
ప్రయత్నిస్తా. తప్పులుంటే నిర్మొహమాటంగా చెప్పండి.

పోయినేడు ఆదాయం 30,000 కేజీలు × 350 = 1 కోటి 5 లక్షలు. ఈ ఏడు 36,000 × 300 = 1 కోటి 8 లక్షలు. అంటే 3 లక్షలు పెరిగింది. మేత పోయినేడు 39 టన్నులు × 90 = 35 లక్షల 10 వేలు. ఈ ఏడు 57.6 టన్నులు × 95 = 54 లక్షల 72 వేలు. పెరిగింది 19 లక్షల 62 వేలు. 3 లక్షలు వస్తే 19.62 లక్షలు పోయాయి. మొత్తం మీద 16.62 లక్షలు తగ్గింది. కాబట్టి మేత ఖర్చే కారణం. మేత కంపెనీతో ధర మాట్లాడుకుంటే సరిపోతుంది.

వేదాయపాళెం
లెక్కంతా కరెక్టు. చివరి వాక్యం దగ్గర తొందరపడ్డావు. 'మేత ఖర్చు పెరిగింది' దగ్గర ఆగితే ఇంటర్వ్యూ సగంలో ఆగినట్టే. ఎందుకు పెరిగిందో ఇంకో మెట్టు దిగాలి. ఆ 19.62 లక్షలు మూడు ముక్కలు చెయ్యి.

సరుకు 6 టన్నులు ఎక్కువ పండింది. పాత లెక్కన మేత పెట్టినా 7.8 టన్నులు ఎక్కువ కావాలి, పాత ధరకి అది 7.02 లక్షలు. కేజీకి 1.3 పోయి 1.6 అయింది కాబట్టి 36 టన్నులకి 10.8 టన్నులు అదనంగా తిన్నాయి, అది 9.72 లక్షలు. ధర 5 రూపాయలు పెరిగినందుకు 57.6 టన్నులకి 2.88 లక్షలు. మూడూ కలిపి చూసుకో, 19.62 వస్తుంది.

ఇప్పుడు చూడు, ధర ముక్క అన్నిటికంటే చిన్నది. నువ్వు పట్టుకుంది దాన్నే. అసలు డబ్బు పోయింది మేత ఒంటబట్టకపోవడం వల్ల. గదిలో ఈ ముక్కలు చేసి చూపించిన పిల్లల్ని మేం గుర్తుపెట్టుకుంటాం.

అల్లూరు_చెరువులు
అన్న చెప్పింది నిజం. దాని వెనక ఇంకొకటుంది. మేత ఎక్కువ పట్టడం, రొయ్య ఎదక్క 80 కౌంటులోనే పట్టెయ్యడం, రెండూ ఒకేసారి కనపడితే మేం ముందు అనుమానించేది ఈహెచ్‌పీ. అదొక రొయ్యల జబ్బు, వైట్ స్పాటు జబ్బు లాగా ఒక్కసారిగా చంపదు. తింటుంది, ఎదగదు. సీడు వేసేటప్పుడు జబ్బు ఉందో లేదో చెప్పే పీసీఆర్ టెస్టు చేయించారా, ఎకరాకి ఎన్ని లక్షల పిల్ల వేశారు, పోయిన పంట తర్వాత చెరువు బాగా ఎండబెట్టారా, చెక్ ట్రేలు (మేత ఎంత మిగిలిందో చూసే పళ్ళేలు) చూసి మేత తగ్గించారా, ఇవి అడగాలి. పిల్ల ఒత్తుగా వేసినా సైజు రాదు. అప్పుడు మాట్లాడాల్సింది మేత కంపెనీతో కాదు, సీడు దగ్గర.

వేదాయపాళెం
ఈహెచ్‌పీ పేరు నీకు తెలియాలని ఇంటర్వ్యూలో ఎవరూ అనుకోరు పెన్నాగట్టు. 'మేత ఎక్కువ తిని కూడా సైజు రాలేదంటే జబ్బో, ఒత్తుగా వెయ్యడమో అయ్యుండొచ్చు. ఈ రెంటిలో ఏదో తేల్చే సమాచారం ఉందా?' అని అడిగితే చాలు. నిపుణుడు కాకపోయినా నిపుణుణ్ణి ఏం అడగాలో తెలియడం, ఈ ఉద్యోగం మొత్తం అదే.

బయటి కారణం కూడా ఒకసారి తట్టిచూడు. మన రొయ్యని ఎక్కువగా కొనేది అమెరికా. 2025 ఆగస్టులో మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు చెరువు గట్ల మీద ఎంత కంగారు పడ్డారో అందరికీ తెలుసు. ఈ కేసులో ధర తగ్గింది కౌంటు వల్లనా, మార్కెట్ వల్లనా? 'పోయినేడు 80 కౌంటు రేటు ఎంత?' అని అడిగితే తేలిపోతుంది.

మినీబైపాస్
ఇది చదివాక నా అభిప్రాయం మార్చుకుంటుండా. ఫ్రేమ్‌వర్కుల్లో ఇది ఏదీ లేదు.

పెన్నాగట్టు
అన్నయ్యా, ఈ లెక్కలు రాసుకుని చెయ్యగలను. కానీ అక్కడ ఇంగ్లీషులో, పైకి మాట్లాడుతూ చెయ్యాలి కదా. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఆలోచన తెలుగులో వస్తుంది, నోట్లోకి వచ్చేసరికి ఆగిపోతుంది.

అడయారు_నెల్లూరోడు
నేను చెన్నైలో ఉంటాను, ఈ రంగంలో చాలాకాలంగా ఉన్నాను, ఎంతోమంది ఫ్రెషర్లని ఇంటర్వ్యూ చేశాను. అమ్మా, నీ ప్రశ్నకి దాచకుండా చెప్తాను. ఇంగ్లీషు లెక్కలోకి వస్తుంది. క్లయింటు ముందు కూర్చోబెట్టాలి కాబట్టి అర్థమయ్యేలా మాట్లాడాలి. యాస, వేగం, గ్రామరు చిన్న తప్పులు, వీటిని నేను చూడను. నేను చూసిన మేర నిదానంగా మాట్లాడినందుకు ఎవరూ పోలేదు, మౌనంగా కూర్చున్నందుకు పోయారు. నువ్వు మనసులో అద్భుతంగా ఆలోచిస్తున్నావో, తోచక కూర్చున్నావో నాకు బయట నుంచి ఒకేలా కనిపిస్తుంది.

చిన్న చిన్న వాక్యాలు పెట్టుకో. ఒక వాక్యంలో ఒక సంగతి. 'మొదట ఆదాయం చూస్తాను. ధర తగ్గింది. సరుకు పెరిగింది. మొత్తం మీద కొంచెం పెరిగింది. ఇప్పుడు ఖర్చు చూస్తాను.' ఇదే ఇంగ్లీషులో. ప్రతి మెట్టు దగ్గరా ఎక్కడున్నావో, ఎటు పోతున్నావో చెప్పు. రోజూ ఒక కేసు ఫోన్లో రికార్డు చేసి విను. తెలుగులో మొదలుపెట్టు, అదే కేసు మర్నాడు ఇంగ్లీషులో చెయ్యి. ఆలోచన ముందే తేలిపోయి ఉంటుంది కాబట్టి నోరు మాట మీదే దృష్టి పెడుతుంది.

మనవాళ్ళు తడబడే చోటు ఒకటుంది, లక్షలు కోట్లు మిలియన్లలోకి మార్చడం. 10 లక్షలు ఒక మిలియన్. కోటి అంటే 10 మిలియన్లు. 100 కోట్లు ఒక బిలియన్. ఇది నిద్రలో లేపి అడిగినా రావాలి. '3.6 బిలియన్ డాలర్లలో 15 శాతం ఎంత' అంటే కాగితం వెతక్కుండా 10 శాతం 360 మిలియన్లు, 5 శాతం 180, మొత్తం 540 అని పైకి అంటూ చెయ్యాలి.

కోవూరు_వంతెన
సార్, నాదీ చివరి సంవత్సరమే. కేసు కంటే నాకు 'నీ గురించి చెప్పు', 'నాయకత్వం చూపిన సందర్భం చెప్పు' అనేవే కష్టంగా ఉండాయి. నేను కాలేజీలో క్లబ్బు ప్రెసిడెంటుని కాదు. చెప్పుకోదగింది ఒక్కటే. 2021 నవంబరులో పెన్నాకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. హైవే మీద కూడా బండ్లు ఆగిపోయాయి. అప్పుడు నేను ఇంటర్. మా వీధి వాళ్ళమంతా కలిసి లారీ డ్రైవర్లకి అన్నం పెట్టాం. ఇది చెప్పొచ్చా?

అడయారు_నెల్లూరోడు
తప్పకుండా చెప్పాలి. కానీ నువ్వు రాసినట్టు కాదు. 'మేమంతా కలిసి' అన్నావు, అక్కడ నువ్వు నాకు కనిపించట్లేదు. నువ్వేం చేశావు? బియ్యం ఎవరిచ్చారు, ఎవర్ని అడిగావు, ఎవరు కాదన్నారు, వాళ్ళని ఎట్లా ఒప్పించావు, అన్నం చాలకపోతే ముందు ఎవరికి పెట్టాలని ఎవరు తేల్చారు?

కోవూరు_వంతెన
మొదటి పూట వండింది చాల్లేదు సార్. ముందున్న లారీల వాళ్ళకే అంది, వెనక బస్సుల్లో పిల్లలున్నారు. నేను సైకిలు మీద చివరి దాకా పోయి ఏ బండిలో ఎంతమంది, పిల్లలెంతమంది అని నోట్‌బుక్కులో రాసుకొచ్చా. రాత్రికి ఆ లిస్టు ప్రకారం వెనక నుంచి మొదలుపెట్టాం. పెద్దాయన ఒకరు 'ముందు వచ్చినోళ్ళకి ముందు' అని పట్టుబట్టారు. లిస్టు చూపిస్తే ఒప్పుకున్నారు.

అడయారు_నెల్లూరోడు
ఇదయ్యా చెప్పాల్సింది! లెక్క తెచ్చావు, లెక్కతో పెద్దమనిషిని ఒప్పించావు. మా పనిలో జరిగేది ఇదే. రెండు నిమిషాల్లో చెప్పేలా రాసుకో. 'నేను' అనడానికి సిగ్గుపడకు. మన దగ్గర గొప్పలు చెప్పుకోకూడదని పెంచుతారు, ఆ సంస్కారం మంచిదే, కానీ ఇక్కడ నువ్వు చేసింది నువ్వు చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. వాళ్ళు లోతుగా తవ్వుతారు కాబట్టి కల్పించి చెప్పేవాళ్ళు మూడో ప్రశ్నకే దొరికిపోతారు. నీకు ఆ భయం లేదు.

కందుకూరు_కుర్రోడు
'ఒంగోల్లో రోజుకి ఎన్ని టీలు అమ్ముతారు' లాంటి ప్రశ్నలు కూడా అడుగుతారంట కదా. వాటికి జవాబు ఎవరికి తెలుసు?

కావలి_మేడమ్
ఎవరికీ తెలియదు, అడిగినవాళ్ళకీ తెలియదు. ఎలా కట్టుకొస్తావో చూస్తారు. చేద్దాం. 2011 లెక్కల్లో ఒంగోలు జనాభా 2 లక్షల పైన. ఇప్పుడు 3 లక్షలు అనుకుందాం, ఇది నా ఊహ అని ముందే చెప్పేస్తాను. పిల్లల్ని తీసేస్తే ముప్పావు వంతు, 2.25 లక్షలు. సగం మగవాళ్ళు, 1.1 లక్షలు. వాళ్ళలో సగం మంది బయట రెండు టీలు తాగుతారనుకుంటే 1.1 లక్షల టీలు. ఆడవాళ్ళలో పదో వంతు బయట ఒకటి తాగితే 11 వేలు. బస్టాండు, కలెక్టరేటు, కోర్టు, ఆసుపత్రుల పని మీద పల్లెల నుంచి వచ్చేవాళ్ళు 30 వేల టీలు తాగారనుకుందాం. మొత్తం 1.5 లక్షలు.

ఇక్కడ ఆపెయ్యకూడదు. రెండో వైపు నుంచి సరిచూడాలి. ఒక మోస్తరు టీకొట్టు రోజుకి 500 టీలు అమ్మితే 300 కొట్లు కావాలి. కర్నూలు రోడ్డు, ట్రంకు రోడ్డు, సందులు తలుచుకుంటే నమ్మేలాగే ఉంది. అదే 3,000 కొట్లని తేలితే ఎక్కడో సున్నా ఎక్కువైందని నీకు నువ్వే చెప్పాలి. సరిచూసుకున్నావని వాళ్ళకి వినపడాలి.

పెన్నాగట్టు
చిన్న సందేహం, అక్కలెవరైనా చెప్పండి. చీర కట్టుకోవాలా?

కావలి_మేడమ్
అక్కర్లేదమ్మా, సాదా చుడీదార్ చాలు. సింహపురి రైలు రాత్రి ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాదులో ఉంటావు, కానీ అదే రోజు ఇంటర్వ్యూకి పోవద్దు. ఒకరోజు ముందే పోయి బంధువుల ఇంట్లో నిద్రపో.

టంగుటూరు_బ్యారన్
ఆలస్యంగా చూశాను. మాది పొగాకు ఇల్లు. రొయ్యల కేసు చూసి నేనూ ఒకటి ఇస్తున్నా. వర్జీనియా పొగాకు రైతు, ఒక బ్యారన్ (ఆకుని కట్టెల వేడితో కాల్చి ఆరబెట్టే, అంటే క్యూరింగు చేసే కొట్టం). ఆదాయం నిలకడగా ఉంది, లాభం మూడేళ్ళుగా తగ్గుతోంది. ఏం చెయ్యాలి?

కందుకూరు_కుర్రోడు
నేను ట్రై చేస్తా. ఆదాయం పెరగాలంటే పంట పెంచాలి. ఇంకో రెండెకరాలు కౌలుకి తీసుకుని ఎక్కువ పండించి అమ్మితే కేజీకి పడే ఖర్చు తగ్గుతుంది.

టంగుటూరు_బ్యారన్
తమ్ముడూ, మాకు అట్లా కుదరదు. రైతు పొగాకు బోర్డులో రిజిస్టరు అవ్వాలి, బ్యారన్‌కి లైసెన్సు ఉండాలి. ఏ ఏడు ఎంత పండించాలో బోర్డే నిర్ణయిస్తుంది, బ్యారన్‌కి ఇంత అని కోటా వస్తుంది. మించి పండించి అమ్మితే జరిమానా. అమ్మకం బోర్డు వేలం కేంద్రంలోనే, ధర కొనేవాళ్ళ పాటలో తేలుతుంది.

అడయారు_నెల్లూరోడు
కందుకూరు బాబూ, నీకు ఈ నిబంధన తెలియకపోవడం తప్పు కాదు. 'ఎక్కువ పండించడానికి అడ్డేమైనా ఉందా?' అని అడక్కుండా సలహా ఇవ్వడం దగ్గర జారావు. ఏ కేసులోనైనా సలహా ఇచ్చే ముందు ఒక్కసారి ఆగి అడుగు: ప్రభుత్వ నియమం, పెట్టుబడి, సమయం, వీటిలో ఏవి మన చేతిలో లేవు? పెన్నాగట్టు, నువ్వు పూర్తి చెయ్యి. ముందు జవాబు, తర్వాత కారణాలు.

పెన్నాగట్టు
నా జవాబు: ఈ రైతు ఎక్కువ పండించడం మీద కాకుండా, అదే కోటాలో మంచి గ్రేడు ఆకు వాటా పెంచడం మీద, ఆకు కాల్చే ఖర్చు తగ్గించడం మీద దృష్టి పెట్టాలి. ఒకటి, పరిమాణానికి కోటా అడ్డు. రెండు, ధర పాటలో తేలుతుంది, దాన్ని రైతు పెంచలేడు. కానీ బ్రైట్ గ్రేడుకి, లో గ్రేడుకి మధ్య ధర తేడా ఉంటుంది, కాబట్టి కోత, క్యూరింగు, గ్రేడింగు బాగుంటే సగటు ధర పెరుగుతుంది. మూడు, ఆదాయం నిలకడగా ఉండి లాభం తగ్గిందంటే పెరిగింది ఖర్చే. కట్టెలు, కూలీ, కౌలు ఈ మూడింట్లో కట్టెలే ఎక్కువ పెరిగి ఉంటాయి, కాబట్టి బ్యారన్‌లో వేడి బయటికి పోకుండా చేయించాలి.

అడయారు_నెల్లూరోడు
మొదటి రెండూ గదిలో ఇట్లాగే చెప్పు, ఒక్క మాట మార్చక్కర్లేదు. మూడోదాంట్లో 'కట్టెలే ఎక్కువ పెరిగి ఉంటాయి' అన్నావు, అంకె లేదు. మొత్తం ఖర్చులో కట్టెలెంత, కూలీ ఎంత, మూడేళ్ళలో ఏది ఎంత పెరిగిందో టంగుటూరు గారిని అడిగి తెచ్చుకో. కూలీ ఎక్కువైతే నీ సలహా మొత్తం మారిపోతుంది. ఆదివారం ఉదయం పదకొండింటికి కాల్ పెడదాం. ముందు కందుకూరు బాబు చేస్తాడు, నువ్వు ఇంటర్వ్యూ చేసే వైపు కూర్చో. కోవూరు అబ్బాయి టైము చూస్తాడు. ఇంగ్లీషులోనే.

టంగుటూరు_బ్యారన్
మూడేళ్ళ ఖర్చుల పుస్తకం మా నాన్న దగ్గర ఉంది. శనివారం లోపల అంకెలు ఇక్కడ పెడతాను.